సయ్యద్ అబ్దుల్ రహీం: ఉపాధ్యాయుడైన శిక్షకుడు

పాఠ్య లక్ష్యం

క్రీడా శిక్షకుడు చేసే పని ఏమిటి, అది బడిలో పంతులు చేసే పనికి ఎంత దగ్గర, ఒక శిక్షకుడు పోయిన తరవాత ఆయన పద్ధతి ఎందుకు నిలుస్తుంది లేదా ఎందుకు నిలవదు అన్న ప్రశ్నలను ఒక మనిషి జీవితం ఆధారంగా ఈ పాఠంలో పరిశీలిస్తాం. ఆ మనిషి హైదరాబాద్‌కు చెందిన ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. పాఠం చదివిన తరవాత ఆయన శిక్షణ పద్ధతిని మీ సొంత మాటల్లో వివరించగలగాలి. మీ బడిలోనో, మీ ఊళ్లోనో పిల్లలతో ఆడించే ఏ ఆటకైనా దాన్ని అన్వయించగలగాలి.

1. పరిచయం

2024 ఏప్రిల్‌లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. మీలో చాలామంది రహీం పేరు మొదటిసారి విన్నది ఆ సినిమా వల్లనే అయి ఉంటుంది. సినిమా సినిమాయే. అందులో ఆట మలుపులు ఉంటాయి, కన్నీళ్లు ఉంటాయి, చివరి నిమిషం ఉత్కంఠ ఉంటుంది. శిక్షణ మాత్రం సినిమాకు లొంగే వస్తువు కాదు. ఒకే పనిని వందసార్లు చేయించడం, వంద ఒకటోసారి ఇంకొంచెం మార్చి చేయించడం తెర మీద చూపితే ప్రేక్షకుడు లేచి పోతాడు. మనం ఈ పాఠంలో చూడబోయేది సరిగ్గా ఆ విసుగు పుట్టించే భాగాన్నే.

స్థూలంగా వివరాలు ఇవి. రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఆ స్థాయికి మళ్లీ చేరలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1962 తరవాత మనకు దక్కిన పతకం ఒక్కటే, 1970 బ్యాంకాక్ క్రీడల్లో కాంస్యం. ఈ మూడు వాక్యాలు గుర్తుంచుకొంటే పరీక్షకు చాలు. అర్థం కావడానికి మాత్రం చాలవు.

2. బడి నుంచి మైదానానికి

రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొన్నారు, విశ్వవిద్యాలయ జట్టులో ఆడారు. తరవాత కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలులలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడులలో ఆటల బాధ్యత తీసుకొన్నారు. అంటే ఆయన మొదట తరగతి గదిలో నిలబడిన మనిషి, ఆ తరవాతే విజిల్ పట్టిన మనిషి. ఈ వరసను మీరు గమనించాలి. గొప్ప ఆటగాడిగా పేరు పొంది, వయసు మళ్లిన తరవాత శిక్షకుడిగా మారడం మామూలుగా చూసే దారి. రహీం ఆటగాడిగా దేశానికి తెలిసిన పేరు కాదు. పిల్లవాడికి లెక్క ఎక్కడ తప్పుతోందో పసిగట్టే పంతులు చూపుతోనే ఆయన ఆటగాడి కాళ్లను చూశారు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. చనిపోయేవరకు ఆ పనిలోనే ఉన్నారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు గెలిచింది. అప్పటికి దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్. వాటి ముందు హైదరాబాద్ నుంచి వచ్చిన కానిస్టేబుళ్ల జట్టు ఒకటి నిలబడి ఐదేళ్లు కప్పు వదలలేదు. 1956-57లోను, 1957-58లోను రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ గెలిచింది.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. 1946 నుంచి 1951 వరకు నల్లగొండ పల్లెల్లో తెలంగాణ సాయుధ పోరాటం నడిచింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. సిటీ పోలీసు జట్టు మొదటి రోవర్స్ కప్ గెలిచిన 1950లో మా ప్రాంతంలో ‘పోలీసు’ అన్న మాట వింటే తలుపులు మూసుకొనేవారు. అదే మాటను బొంబాయి మైదానంలో జనం చప్పట్లతో పలికారు. రెండూ నిజమే. ఒకే సంవత్సరంలో. హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర రాసినవారు ఈ సంగతి రాయరు, సాయుధ పోరాట చరిత్ర రాసినవారు ఫుట్‌బాల్ రాయరు. ఈ దూరం గురించి పాఠం చివర మళ్లీ మాట్లాడుకొందాం.

3. ఆట నియమమే పాఠం

రహీం పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ఒక పిల్లవాడికి బంతి దొరకగానే దాన్ని వదలడు. ఒకరిని తప్పిస్తాడు, ఇద్దరిని తప్పిస్తాడు, మూడోవాడి దగ్గర పోగొట్టుకొంటాడు. దీన్ని ఆట భాషలో డ్రిబ్లింగ్ అంటారు. చూసేవారికి ముచ్చటగా ఉంటుంది. జట్టుకు నష్టం. ఎందుకంటే బంతి ఎంత వేగంగా పరుగెత్తగలదో మనిషి అంత వేగంగా పరుగెత్తలేడు. ఒకడు బంతిని కాలికి అంటించుకొని ఇరవై గజాలు పోయేలోపల ఎదుటి జట్టు మొత్తం సర్దుకొంటుంది. అదే బంతిని ఒక్క తన్నుతో ఖాళీ ఉన్న చోటికి పంపితే వాళ్లకు సర్దుకొనే వ్యవధి ఉండదు.

మామూలు శిక్షకుడు ఏం చేస్తాడు? ‘పాస్ ఇయ్యి, పాస్ ఇయ్యి’ అని గట్టు మీద నుంచి అరుస్తాడు. పిల్లవాడు రెండు నిమిషాలు వింటాడు, బంతి రాగానే మరచిపోతాడు. రహీం అరవలేదు. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే నియమంతో హైదరాబాద్‌లో పోటీలే పెట్టారు. ఆ పోటీలో ఆడాలంటే బంతి రాకముందే తల ఎత్తి చూడాలి. ఎవడు ఎక్కడ ఉన్నాడో ముందే తెలిసి ఉండాలి. లేకపోతే బంతి వచ్చాక చేయడానికి ఏమీ ఉండదు. ఒక్క నియమం మార్చడంతో మూడు నాలుగు అలవాట్లు వాటంతట అవే వస్తాయి. చూపు ముందుకు పోతుంది. బంతిని ఆపే మొదటి స్పర్శ మెత్తబడుతుంది. బంతి లేని ఆటగాడు ఊరికే నిలబడకుండా పాస్ అందుకొనే చోటికి కదులుతాడు. చివరిది అన్నిటికంటే కష్టమైన పాఠం. ఎందుకంటే ఆటలో ఏ ఆటగాడి దగ్గరైనా బంతి ఉండేది చాలా కొద్ది సేపు, మిగిలిన సమయమంతా అతను బంతి లేకుండానే ఆడాలి.

రెండో ఉదాహరణ బలహీన పాదం. కుడిచేతి వాటం ఉన్నవారికి ఎడమ కాలు మొద్దుగా ఉంటుంది. ఎదుటి జట్టులో కాస్త తెలివైన ఫుల్‌బ్యాక్ ఉంటే పది నిమిషాల్లో ఆ సంగతి కనిపెడతాడు. ఇక ఆ ఆటగాడిని ఎప్పుడూ ఎడమ వైపుకే నెడుతూ ఉంటాడు. రహీం బలహీనమైన కాలికే పని పెట్టే పోటీలు నిర్వహించారు. ఆలోచించి చూడండి. మామూలు సాధనలో ఎడమ కాలితో తన్నమంటే కుర్రవాడు సిగ్గుపడతాడు, తోటివాళ్లు నవ్వుతారు. పోటీ నియమమే అది అయినప్పుడు అందరి కాళ్లూ మొద్దుగానే ఉంటాయి, నవ్వేవాడూ తడబడుతూనే ఉంటాడు. లోపం ఒక్కడి అవమానం కాకుండా అందరి అభ్యాసం అవుతుంది. తరగతి గదిలో చదువు రాని పిల్లవాడిని లేపి నిలబెట్టి అడిగే పంతులుకీ, అందరిచేతా పలకల మీద రాయించే పంతులుకీ ఉన్న తేడా ఇదే.

ఈ రోజుల్లో క్రీడాశాస్త్ర గ్రంథాలలో దీనికి దగ్గరి ఆలోచన కనిపిస్తుంది. ఆటగాడికి సూచనలు ఇవ్వడం కంటే ఆట స్థలాన్ని, మనుషుల సంఖ్యను, నియమాన్ని మార్చి, కావలసిన కదలిక దానంతట అదే పుట్టేలా చేయాలని ఆ గ్రంథాలు చెబుతాయి. రహీం ఆ గ్రంథాలు రాకముందు మనిషి. ఆయనకు ఇది సిద్ధాంతంగా కాక బడి అనుభవంగా అబ్బిందని నా అభిప్రాయం.

మూడో విషయం ఆటకు బయటిది. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేదింటి కుర్రవాడు. పోలీసులు వాడి పారేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవారి దగ్గర కుట్టించుకొన్న బూట్లతో ఆడేవాడు. రహీం అతని ఆట చూసి సాధనకు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి డబ్బు లేదన్నాడు బలరాం. అద్దె సైకిలుకు డబ్బులు రహీమే ఇచ్చారు. ఈ సంగతి బలరాం తరవాతి కాలంలో తానే చెప్పుకొన్నారు. ఆ కుర్రవాడు 1956 మెల్‌బోర్న్‌లో, 1960 రోమ్‌లో, 1962 జకార్తాలో భారత జట్టుకు ఆడాడు. ప్రతిభను గుర్తించడం అనే మాటను మనం చాలా గంభీరంగా వాడతాం. గుర్తించిన తరవాత ఆ ప్రతిభ మైదానందాకా రావడానికి దారి ఖర్చు కావాలి. మీరు రేపు ఏ బడిలోనో పి.ఇ.టి.గా చేరితే, మొదటి నెలలోనే ఈ సమస్య మీ ముందుకు వస్తుంది. సాయంత్రం బస్సు పోతే తండాకు చేరలేని పిల్ల ఖోఖో సాధనకు ఎలా నిలబడుతుంది?

మీ ప్రగతిని పరీక్షించుకోండి
అ) డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీ వల్ల బంతి లేని ఆటగాడికి ఏ అలవాటు అబ్బుతుంది? ఐదు వాక్యాలలో రాయండి.
ఆ) బలహీన పాదం పోటీని కబడ్డీకి గాని, వాలీబాల్‌కు గాని అన్వయించి మీరు ఒక నియమం తయారు చేయండి.

4. పది గోళ్ల ఓటమి

శిక్షకుడి జీవితం గెలుపుల జాబితాగా చెబితే అబద్ధమవుతుంది. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్‌పై మేవాలాల్ చేసిన ఒకే ఒక్క గోల్‌తో భారత్ గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో అదే శిక్షకుడి ఆధ్వర్యంలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది.

మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఎండిన నేల మీద ఉత్త పాదం బంతిని బాగా పట్టుకొంటుంది, అందులో సందేహం లేదు. మన పిల్లలు ఇప్పటికీ అలాగే ఆడుతున్నారు. హెల్సింకిలో చలి, తడి గడ్డి. ఎదురుగా బూట్లు తొడుక్కొన్న బలమైన మనుషులు. బూటు కాలు వచ్చి తగులుతుందన్న భయం ఉన్నవాడు బంతి కోసం సగం మనసుతోనే కాలు చాపుతాడు. ఆ ఓటమి తరవాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

బూట్లు తొడిగితే సరిపోతుందా? సరిపోదు. బూటు వేసుకొన్న పాదానికి బంతి తగిలే తీరు వేరు. ఇన్నేళ్ల అలవాటును మార్చుకోవాలి. 1952కూ 1956కూ మధ్య నాలుగేళ్లలో రహీం చేసిన పనిలో ఇది పెద్ద భాగం. దీని గురించి ఎవరూ కథలు చెప్పరు, ఎందుకంటే చెప్పడానికి కథ లేదు. రోజూ ఒకే పని. ఆ నాలుగేళ్ల ఫలితాన్ని చూడాలంటే ఒక లెక్క చాలు. హెల్సింకిలో యుగోస్లావియాకు పది గోళ్లు ఇచ్చిన జట్టు, మెల్‌బోర్న్ సెమీఫైనల్లో అదే యుగోస్లావియాపై మొదటి గోల్ తానే చేసి, చివరికి 4-1తో ఓడింది.

5. వ్యూహం: సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి వస్తే

ఇప్పుడు కొంచెం సాంకేతికం. కాగితం మీద బొమ్మ గీసుకొంటూ చదివితే సులువు.

పాత కాలంలో జట్టును 2-3-5గా నిలబెట్టేవారు. వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారింది. బంతి అందుకొనే ఫార్వర్డ్‌కు, ఎదుటి గోల్ గీతకు మధ్య అంతకుముందు ముగ్గురు ప్రత్యర్థులు ఉండాల్సి వచ్చేది, ఆ తరవాత ఇద్దరు ఉంటే చాలు. దాడి చేసేవారికి పని తేలికైంది. దానికి విరుగుడుగా మధ్య వరసలోని సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ఫుల్‌బ్యాక్‌ల మధ్య నిలబెట్టారు. అతని పని ఒక్కటే, ఎదుటి సెంటర్ ఫార్వర్డ్‌ను వదలకుండా కాపు కాయడం. ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్కరు అని లెక్క కుదిరింది.

సరే, ఆ సెంటర్ ఫార్వర్డ్ తన చోట నిలబడకుండా మైదానం మధ్యకు వెనక్కి వస్తే? కాపు కాసేవాడికి రెండు దారులు. వెంట పోతే, వెనక గోల్ ముందు ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి మరో ఫార్వర్డ్ దూరతాడు. పోకుండా ఉండిపోతే, వెనక్కి వచ్చినవాడు ఎవరి అడ్డూ లేకుండా బంతి అందుకొని నలుగురికి పంచుతాడు. ఏం చేసినా తప్పే. 1953 నవంబరులో హంగరీ జట్టు లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది ఈ ఎత్తుతోనే. రహీం ఆ హంగరీ ఆటను శ్రద్ధగా అధ్యయనం చేసి మన జట్టుకు అన్వయించారు. మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆడిన తీరు, 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ పేరు మోగించిన 4-2-4 అమరికకు దగ్గరగా ఉండేదని ఆటను ఎరిగినవారు అంటారు.

మెల్‌బోర్న్‌లో హంగరీ పోటీ నుంచి తప్పుకోవడంతో మొదటి రౌండు ఆడకుండానే గడిచింది. 1956 డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాపై భారత్ 4-2తో గెలిచింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోళ్లు చేసిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సెమీఫైనల్ సంగతి పైన చెప్పాను. కాంస్యం కోసం ఆడిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాద్ కుర్రవాళ్లు ఉన్నారు. పైన చెప్పిన చిన్న చిన్న పోటీల వాతావరణంలో పెరిగినవారు వీళ్లు. వ్యూహం బొమ్మ గీసి చూపితే సరిపోదని ఇక్కడ గమనించాలి. సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి వచ్చి ఇచ్చే బంతిని, ఆ క్షణానికి ఖాళీలోకి దూరి అందుకొనేవాడు కావాలి. బంతి లేకుండా కదలడం ముందే అలవాటైనవాళ్లతోనే అది సాధ్యం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీతో 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1గా నిలిచి, పెరూ చేతిలో 3-1తో ఓడింది మన జట్టు. ఆ జట్టులో రహీం కొడుకు ఎస్.ఎస్. హకీం కూడా ఉన్నాడు. ఒక్క ఆటలోనూ దిగలేదు. బంధుత్వం మీద మనకున్న అలవాట్లు తెలిసినవారికి దీని గురించి వివరించనక్కర్లేదు. హకీం తరవాత అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడిగా పేరు తెచ్చుకొన్నారు.

6. జకార్తా, 1962

జకార్తాకు వెళ్లేనాటికి రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సర్. జట్టుతోనే ఉన్నారు.

మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరవాత థాయిలాండ్‌పై 4-1 గెలుపు. ఆ ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2-0 గెలిచిన ఆటలో అతను లేడు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్ వచ్చింది. కుట్లున్న తలతో వెనక నిలబడి ఎగిరి వచ్చే బంతులను కొట్టడం డిఫెండర్‌గా అతనికి కుదరదు. రహీం అతన్ని ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. చూసేవారికి ఇది సాహసంగా తోచవచ్చు. కాని జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినవాడు. శిక్షకుడికి అది గుర్తుంది. ఆటగాడి పాత కథంతా తెలిసి ఉండడం కూడా శిక్షణలో భాగమే. మంచి పంతులుకు పదో తరగతి పిల్లవాడు ఆరులో ఏం చేసేవాడో జ్ఞాపకం ఉంటుంది. సెమీఫైనల్ 3-2తో మనది.

ఫైనల్ సెప్టెంబరు 4న, మళ్లీ దక్షిణ కొరియాతోనే. తైవాన్, ఇజ్రాయెల్ దేశాలను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో ఇండొనేషియా జనం మన మీద మండిపడుతున్నారు. స్టేడియం నిండా ఉన్న ప్రేక్షకులు మన జట్టును గేలి చేశారు. గోల్‌కీపర్‌గా అంతకుముందు ఆడిన ప్రద్యుత్ బర్మన్ స్థానంలో పీటర్ తంగరాజ్‌ను దించారు రహీం. తంగరాజ్‌ది హైదరాబాదే, ఆరడుగుల పైబడిన మనిషి. ఎత్తు మీదుగా వచ్చే బంతుల మీద కొరియా ఆధారపడుతుందని అంచనా. ఆట ముందు రహీం తమను స్వర్ణాన్ని కానుకగా అడిగారని ఆటగాళ్లు తరవాత చెప్పుకొన్నారు. పి.కె. బెనర్జీ, ఆ వెంటనే జర్నైల్ సింగ్, మొదటి ఇరవై నిమిషాల్లోనే చెరొక గోల్ చేశారు. కొరియా చివర్లో ఒకటి చేసింది. 2-1.

తొమ్మిది నెలల తరవాత రహీం పోయారు. వయసు 53.

7. తరవాత ఏమైంది

1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం గెలిచిన భారత జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాద్ ఆటగాడే, తరవాత ద్రోణాచార్య పురస్కారం పొందిన శిక్షకుడు. రహీం దగ్గర ఆడిన పి.కె. బెనర్జీ కలకత్తాలో తన తరం శిక్షకులలో అగ్రగణ్యుడయ్యారు. అంటే విత్తనం మొలవలేదని అనలేం. కాని హైదరాబాద్ నగరం మాత్రం క్రమంగా ఆట పటంలోంచి జారిపోయింది.

కారణాలు ఒకటి రెండు కాదు. మెరుగైన ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు పిలుచుకొన్నాయి. బలరాం కూడా 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. ఆట వల్ల పోలీసు శాఖలోను, కార్యాలయాలలోను దొరికే ఉద్యోగాలు తగ్గాయి. నగరంలో ఖాళీ జాగాలు తగ్గాయి. క్రికెట్ పెరిగింది. ఇవన్నీ అందరూ చెప్పేవే. నేను వీటికి ఇంకొకటి చేర్చదలచుకొన్నాను. కొందరికి ఇది నచ్చదు.

రహీం పద్ధతి రహీం మీదే ఎక్కువగా ఆధారపడింది. సంఘం కార్యదర్శి ఆయనే, పోలీసు జట్టు శిక్షకుడు ఆయనే, దేశపు జట్టు శిక్షకుడు ఆయనే, పిల్లల పోటీల నియమాలు రాసిందీ ఆయనే. ఇన్ని పనులు ఒకే మనిషి చేతిలో ఉన్నప్పుడు పని చురుగ్గా సాగుతుంది, అడ్డుపడేవారు ఉండరు. ఆ మనిషి పోతే అన్ని చోట్లా ఒకేసారి ఖాళీ ఏర్పడుతుంది. బలహీన పాదం పోటీ ప్రతి జిల్లాలో ఏటా జరిగే ఏర్పాటుగా స్థిరపడి ఉంటే, దాన్ని నడపడానికి రహీం అక్కర్లేదు, ఒక డ్రిల్ సార్ చాలు.

జిల్లా అన్నాను కాబట్టి మొదట వదిలిన మాటకు వస్తాను. మెల్‌బోర్న్, రోమ్, జకార్తా జట్లలో హైదరాబాద్‌వారిగా మనం గర్వంగా చెప్పుకొనే పేర్లన్నీ నగరానివి, సికింద్రాబాద్ కంటోన్మెంటు చుట్టుపక్కలవి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పేరు అందులో వినపడదు. తప్పు రహీంది అనను. పట్టాల మీద రైలు, మైదానం, సైన్యం బ్యారక్‌లు, పోలీసు కొలువు ఉన్నచోట ఆ ఆట పెరిగింది. మెట్ట పొలాలు, వలసలు, తుపాకుల చప్పుళ్లు ఉన్నచోట పెరగలేదు. నేను చదివిన జిల్లా పరిషత్ పాఠశాలలో మా డ్రిల్ సార్ ఆస్తి ఒక విజిల్, ఒక వాలీబాల్, నాలుగుచోట్ల ముడివేసిన ఒక నెట్. ఫుట్‌బాల్ నేను మొదటిసారి చూసింది డిగ్రీకి హైదరాబాద్ వెళ్లాకే. అయితే ఆ సార్ ఒక పని చేసేవారు. వాలీబాల్‌లో ఎవరైనా సరే మూడో తాకుకే బంతి నెట్ దాటించాలి, ఒకటి రెండు తాకులతో దాటిస్తే పాయింటు పోయినట్లే అని నియమం పెట్టారు. బంతి రాగానే అవతలికి విసిరేసే మా అలవాటు అలా పోయింది. ఆయన రహీం పేరు విని ఉంటారో లేదో చెప్పలేను. ఈ పాఠం రాస్తున్నప్పుడు మాత్రం ఆయన పదేపదే గుర్తుకు వచ్చారు.

ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది, రహీం పోయిన ఇరవై రెండేళ్లకు. శిక్షకుడిని విడిగా గౌరవించాలన్న ఆలోచన మన ప్రభుత్వాలకు అప్పటిదాకా రాలేదు. గెలిచిన ఆటలో శిక్షకుడు గీతకు ఇవతలే నిలబడి ఉంటాడు. పతకం ఆయన మెడలో పడదు. ఛాయాచిత్రంలో ఎక్కడో అంచున కనపడతాడు.

అభ్యాసం

మీ గ్రామంలోని, లేదా మీకు దగ్గరలోని ప్రభుత్వ పాఠశాలకు ఒక సాయంత్రం వెళ్లండి. పిల్లలు ఆడే ఒక ఆటను అరగంట చూడండి. అందరిలోనూ కనిపించే ఒక లోపాన్ని గుర్తించండి. ఆ లోపాన్ని మాటలతో చెప్పకుండా, ఆట నియమాన్ని మార్చడం ద్వారా సరిదిద్దే మార్గం ఆలోచించి, అక్కడి ఉపాధ్యాయుని అనుమతితో వారం రోజులు ఆడించండి. మొదటి రోజు ఏం చూశారో, ఏడో రోజు ఏం చూశారో రెండు పేజీలకు మించకుండా రాసి అధ్యయన కేంద్రంలో మీ కౌన్సెలర్‌కు ఇవ్వండి. నియమం పనిచేయకపోతే పనిచేయలేదనే రాయండి, దానికి మార్కులు తగ్గవు.